42వ రోజున ‘స్వామి’ ఏమవుతాడు?

కార్తీకం వస్తే కర్నూలు, అనంతపురం, కడప ఊళ్లలో పచ్చి తాగుబోతులు కూడా చాలామంది మందు ముట్టరు. 41 రోజుల అయ్యప్ప దీక్ష. చన్నీళ్ల స్నానం, నేల మీద పడక. శబరిమల నుంచి వచ్చి మాల తీశాక మాత్రం వాళ్లలో చాలామంది మళ్లీ అదే దుకాణం ముందు తేలతారు. అది చూసి భక్తులు భక్తి చాల్లేదంటారు, హేతువాదులు భక్తే ఉత్తదంటారు. ఇద్దరికీ అసలు సంగతి పట్టలేదు.

దీక్షలో ఉన్నవాడిని నిన్నటిదాకా ‘ఒరే’ అన్నవాడు ‘స్వామీ’ అంటాడు. భార్యా బిడ్డలూ అలాగే పిలుస్తారు. సాయంత్రం క్వార్టర్‌కు కేకేసే దోస్తు తప్పుకుని తిరుగుతాడు. ఆ వేళకు భజన ఉంటుంది, జవాబు చెప్పుకోవాల్సిన గురుస్వామి ఉంటాడు. మాలతో తాగితే దేవుడు శిక్షిస్తాడో లేదో గానీ, ఊరు మాత్రం ఊరుకోదు. 42వ రోజున పిలుపు మారుతుంది, భజన ఆగుతుంది, దోస్తు తిరిగొస్తాడు. దేవుడేమో ఎక్కడివాడు అక్కడే ఉన్నాడు!

నన్నడిగితే మనిషిని నిలబెట్టే ‘పెద్ద శక్తి’ ఈ ఏర్పాటే. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో ఇద్దరు తాగుబోతులు మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్‌కూ (తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం) ఈ దేవుడి పేచీ తప్పలేదు. 1939లో తాగుడు మానడానికి రాసుకున్న తమ 12 మెట్లను అచ్చువేసే ముందు, నమ్మకం లేని సభ్యులు పట్టుబట్టి ‘దేవుడు’ అన్న మాట పక్కన ‘మేం అర్థం చేసుకున్న రీతిలో’ అని చేర్పించారు. ఎదురుగా కూర్చున్న గుంపే తమ ‘పెద్ద శక్తి’ అని చెప్పుకునే నాస్తికులు ఆ మీటింగుల్లో ఇప్పటికీ ఉన్నారు. 2020లో, వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష 27 అధ్యయనాలను, 10,565 మందిని పరిశీలించింది. మందుకు పూర్తిగా దూరంగా ఉంచడంలో ఈ పద్ధతి మిగతా చికిత్సలకు తీసిపోదని, కొన్నిచోట్ల మెరుగని తేల్చింది. అది ఎలా పనిచేస్తుందని వెతికిన పరిశోధకులకు ముఖ్యంగా కనిపించింది, చుట్టూ ఉండే స్నేహితులు మారడం.

ఇదంతా జబ్బును దేవుడి మీదికి నెట్టడమేనని డాక్టర్లు అభ్యంతరం చెబుతారు. అందులో ఒక ముక్క నిజం. రోజూ బాగా తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, లేనిపోనివి కనపడొచ్చు, ప్రాణమే పోవచ్చు. మాల వేసే ముందు ఆసుపత్రికి పోవాల్సిందే. కానీ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మొదటి సాయంత్రం ఆ మనిషి ఎక్కడ కూర్చోవాలో మందుల చీటీలో రాసి ఉండదు కదా.

అనంతపురం జిల్లా ఉంతకల్లులో పాండురంగడి గుడికి ఏకాదశి నాడు తాగుడు మానాలని జనం మాల వేయించుకోవడానికి వస్తారు. వాళ్లందరికీ గట్టి నమ్మకమే ఉందని నేననుకోను. భార్య లాక్కొస్తే వచ్చినవాళ్లుంటారు, చూద్దాంలే అని వచ్చినవాళ్లుంటారు. అయితే ఏం? రాళ్లకు మొక్కడాన్ని ఎగతాళి చేసిన వేమనకు కదిరి దగ్గర కటారుపల్లెలో పూజలు చేసుకునే జనం మనం. సందేహం ఉన్నవాడు గుంపులోకి రాకూడదని ఇక్కడెవరూ అనరు.

నమ్మకం గురించి ఇంత వాదించుకుంటాం గానీ, తాగించేవాడి సంగతి ఎత్తం. 2024 అక్టోబర్‌లో రాష్ట్రంలో 3,396 ప్రైవేటు దుకాణాలకు దాదాపు 90 వేల దరఖాస్తులు వచ్చాయి. ఒక్కోదానికి తిరిగివ్వని ఫీజు 2 లక్షలు. అంటే సీసా మూత తీయకముందే ఖజానాకు దాదాపు 1,800 కోట్లు! క్వార్టర్ 99 రూపాయలకే ఇస్తామని గొప్పగా ప్రకటించుకున్నారు కూడా. అమ్మడం ప్రభుత్వం పని, మాన్పించడం పాండురంగడి పనా? ఆ డబ్బులో చిల్లర చాలు, ఏకాదశికి ఉంతకల్లులో ఒక సైకియాట్రిస్టును కూర్చోబెట్టడానికి, మాల తీసినవాళ్లు రోజూ సాయంత్రం కలుసుకోవడానికి మండలానికో గది తెరిచి ఉంచడానికి. ఆ గదిలో దేవుడి పటం పెట్టాలా వద్దా అన్నది అక్కడ కూర్చునేవాళ్లు తేల్చుకుంటారు.