తుంగకు బస్సు సౌకర్యం

గోదావరి డెల్టాలో తుంగ మొక్క నీటిని బట్టి మొలవదు, బస్సు రూటును బట్టి మొలుస్తుంది. నమ్మకపోతే హెర్బేరియం, అంటే ఎండబెట్టిన మొక్కల్ని అట్టలకు అంటించి దాచే చోటు, అక్కడి రికార్డులు తిరగేయండి. మొక్కల నమూనాలు సాధారణంగా రోడ్ల పక్కనా, కాలేజీల చుట్టూ సేకరించినవే. పడవెక్కి లంకలోకి వెళ్లి మోకాలిలోతు బురదలో దిగే ఓపిక ఎవరికుంది? అందుచేత లంకల్లో తుంగ లేదని శాస్త్రం తేల్చినట్టే. కలుపు తీయలేక నడుం పట్టేసిన రైతుకు ఈ శుభవార్త ఎవరైనా చేరవేయాలి.

అమెరికా ఎడారి కొండల్లో దీని చుట్టం ఒకటుంది, నవాజో తుంగ. ఇసుకరాతి చరియల్లో ఊట కారే చోట వేలాడుతుంది. 1985లో అక్కడి ప్రభుత్వం దాన్ని ముప్పున్న జాతుల జాబితాలో చేర్చి రక్షణ కల్పించింది. మన తుంగ ఎరిగిన పథకం కలుపు మందొక్కటే. బోదె గట్టున ఎక్కడబడితే అక్కడ ఉంటుంది కదా, అంత తేరగా దొరికేదాన్ని ఎవడు పీకి దాస్తాడు?

పోనీ దాద్దామన్నా సులువు కాదు. కాడ మూడు పలకలుగా ఉండాలి, కణుపులు ఉండకూడదు. గుండ్రంగా ఉండి కణుపులుంటే అది గడ్డి జాతి. పైభాగం తెంపుకొస్తే చెల్లదు, గడ్డతో సహా తవ్వాలి. పొడవైతే 'వి' ఆకారంలో మడిచి 42 సెంటీమీటర్ల పొడవు, 28 వెడల్పున్న అట్టకు సరిపెట్టాలి. రాలిన గింజల్ని చిన్న కాగితం పొట్లంలో వేసి ఆ అట్టకే అంటించాలి. పూతా గింజా లేని తుంగ పేరు తేల్చడానికి ఏ నిపుణుడూ సాహసించడు. పింఛను కాగితాలకు కూడా ఇన్ని జతపరచమనరు.

అట్టకు కుడివైపు కింది మూలన లేబులు. అక్కడ 'తూర్పు గోదావరి జిల్లా, గట్ల మీద విరివిగా' అని రాసి చేతులు దులుపుకున్న పెద్దలున్నారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు చీలాయి. ఇప్పుడా మొక్క కోనసీమదా, కాకినాడదా? అక్షాంశ రేఖాంశాలు రాసుంటే అడిగే పనే లేదు. ఊరు, కాలువ, తేదీ, సేకరణ సంఖ్య, ఏదీ వదలకూడదు.

ఇక ఆరబెట్టడం. శ్రావణంలో పీకిన తుంగను పేపర్ల మధ్య పెట్టి ప్రెస్సులో, అంటే మొక్కను నొక్కిపట్టే చట్రంలో, బిగించి రోజూ ఆ పేపర్లు మార్చాలి, లేదంటే మూడో నాటికి బూజు. లావు గడ్డల్ని నిలువునా రెండుగా కోయాలి. కోయకపోతే పైన ఎండినట్టే కనిపించి, లోపలి తడితో ప్రెస్సులోనే మొలకెత్తవచ్చు. అప్పుడు లేబులు మీద ఆవాసం అన్న గడిలో గట్టు కొట్టేసి రాసుకోవాలి: బీరువా, రెండో అర.