పాలిమర్ మొబిలిటీ అని ఒకే అంకె చెబితే నమ్మొద్దు

విద్యుత్తును మోసే కొత్త పాలిమర్ (ప్లాస్టిక్ లాంటి పొడవాటి గొలుసు అణువుల పదార్థం) గురించి వార్త వస్తే చాలు, అందులో మొబిలిటీ, అంటే విద్యుత్ క్షేత్రంలో చార్జ్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెప్పే కొలత, ఇంత అని ఒక అంకె కనిపిస్తుంది, దాన్ని సిలికాన్‌తో పోల్చేస్తారు. ఆ పోలిక నాకు అస్సలు నచ్చదు.

సిలికాన్ స్ఫటికంలో పరమాణువులు వరుసగా ఉంటాయి కాబట్టి ఎలక్ట్రాన్ సాఫీగా సాగిపోతుంది, గది ఉష్ణోగ్రతలో దాని మొబిలిటీ వోల్ట్-సెకనుకు సుమారు 1400 చదరపు సెంటీమీటర్లు. పాలిమర్‌లో గొలుసులు చిక్కుపడి ఉంటాయి. ఒక గొలుసు మీదికి చేరిన చార్జ్ చుట్టుపక్కల బంధాలను కాస్త వంచేసి, ఆ వంపుతో సహా పోలరాన్‌గా మారుతుంది, అక్కడి నుంచి పక్క చోటికి ఎగరాలంటే వేడి సాయం కావాలి. అందుకే వేడెక్కితే ఇలాంటి పాలిమర్లలో మొబిలిటీ పెరుగుతుంది, సిలికాన్‌లో మాత్రం తగ్గుతుంది.

ఇక విద్యుత్ క్షేత్రం. అది చార్జ్‌ను ముందుకు నెట్టడంతో ఆగదు, ఎగరడానికి ముందు దిక్కున దాటాల్సిన శక్తి అడ్డంకి ఎత్తునే తగ్గిస్తుంది. అందుకే చాలా పాలిమర్లలో క్షేత్రం పెంచితే మొబిలిటీ కూడా పెరుగుతుంది, దాని లాగరిథమ్ దాదాపు క్షేత్రం వర్గమూలాన్ని అనుసరిస్తుంది. మరి ఏ క్షేత్రం దగ్గర కొలిచారో చెప్పని అంకెకు అర్థమేముంది?

అంతకంటే పెద్ద తేడా చార్జ్‌ల సాంద్రతతో వస్తుంది. ఒకే పాలిమర్‌ను ఎల్ఈడీలో, ట్రాన్సిస్టర్‌లో కొలిస్తే మొబిలిటీ వెయ్యి రెట్ల దాకా తేడా రావచ్చని, దానికి కారణం సాంద్రతేనని 2003లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూపించారు. గుంతలు నిండాకే వాన నీరు పైనుంచి పారినట్టు, తక్కువ శక్తి ఉన్న చోట్లు ముందు వచ్చిన చార్జ్‌లతో నిండిపోతే తర్వాతివి తేలిగ్గా కదులుతాయి. ట్రాన్సిస్టర్‌లో గేట్ వోల్టేజ్ (కరెంట్‌ను అదుపు చేసే గేట్ అనే ఎలక్ట్రోడ్‌కు ఇచ్చే వోల్టేజ్) వల్ల పలచటి పొరలోనే చార్జ్‌లు కిక్కిరిసి ఉంటాయి, ఎల్ఈడీలో అంత రద్దీ ఉండదు.

కొలతలోనూ చిక్కుంది. ట్రాన్సిస్టర్‌లో మొబిలిటీని గేట్ వోల్టేజ్‌తో కరెంట్ ఎలా పెరుగుతుందో చూపే గ్రాఫ్ వాలు నుంచి లెక్కిస్తారు. లోహపు ఎలక్ట్రోడ్‌కూ పాలిమర్‌కూ మధ్య నిరోధం గేట్ వోల్టేజ్‌తో మారిపోతుంటే ఆ గ్రాఫ్‌లో ఒకచోట వాలు ఉన్నట్టుండి నిటారుగా లేస్తుంది, అక్కడ లెక్కవేసిన మొబిలిటీ అసలు కంటే దాదాపు పది రెట్లు ఎక్కువ రావచ్చని 2016లో పరిశోధకులు గట్టిగానే హెచ్చరించారు. రికార్డు అని చెప్పుకునేవాళ్లు ఆ గ్రాఫ్ మొత్తం చూపించాలి, ఉష్ణోగ్రత, క్షేత్రం, సాంద్రత పక్కనే రాయాలి. సోలార్ సెల్‌లో చార్జ్‌లు ట్రాన్సిస్టర్‌లో కంటే చాలా పలచగా ఉంటాయి, కాబట్టి ట్రాన్సిస్టర్ అంకె చూసి సోలార్ సెల్‌కు పాలిమర్‌ను ఎంచుకోవడం తప్పు.