పార్సిల్ ఎక్కడుందో ఫోన్ చెబుతుంది, ఏముందో బస్సుకి ఎవరు చెప్పాలి?

2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు శివారు చిన్నటేకూరు దగ్గర హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న స్లీపర్ బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. రోడ్డు మీద పడి ఉన్న బైకును బస్సు ఈడ్చుకెళ్లింది, నిప్పు రేగింది. ఆ తర్వాత చాలా రోజులు డ్రైవర్ గురించి, బైకు గురించి, బస్సు రిజిస్ట్రేషన్ ఏ రాష్ట్రానిదన్న దాని గురించి మాట్లాడుకున్నాం. డిక్కీ గురించి మాత్రం ఒకటి రెండు రోజులు మాట్లాడి వదిలేశాం. అందులో 200కు పైగా స్మార్ట్‌ఫోన్లున్న పార్సిల్ ఉందని, వాటి బ్యాటరీలు కూడా మంటలను పెంచి ఉంటాయని దర్యాప్తు మొదట్లోనే వార్తలొచ్చాయి.

నాకు అసలు సమస్య ఆ డిక్కీలోనే కనిపిస్తోంది. ఉత్తరాలు, పార్సిళ్లు చేరవేసే పరికరాల మీద రెండు వందల ఏళ్లుగా ఇంజనీర్లు బుర్ర పెడుతున్నారు. బండ్ల భద్రత మీద కూడా అంతే. ఈ రెండూ కలిసే చోటు మన రాత్రి బస్సు డిక్కీ. అక్కడ మాత్రం ఎవరి పనీ కనపడదు.

ముందు పార్సిల్ సంగతి. శ్రీరామ్ భికాజీ వేలంకర్ ఆలోచనతో 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చింది. 518 చూడగానే కర్నూలు వైపు, 515 అయితే అనంతపురం, 516 అయితే కడప అని సార్టింగ్‌లో కూర్చున్న మనిషి ఊరి పేరు చదవకుండానే గూట్లో వేసేయగలడు. గుంతకల్లు ఆర్‌ఎంఎస్‌లో (రైల్వే మెయిల్ సర్వీస్) పనిచేసినవాళ్ల చేతుల వేగం చూసినవాళ్లకి దీని విలువ తెలుసు. వుడ్‌ల్యాండ్, సిల్వర్ అనే ఇద్దరికి 1952లో పేటెంట్ దక్కిన బార్‌కోడ్ ఇప్పుడు స్పీడ్‌పోస్ట్, కొరియర్ కవర్ల మీద ఉంది. బ్రిటన్‌లో అయితే రైలు ఆగకుండానే పట్టాల పక్క కొక్కేనికి వేలాడే ఉత్తరాల సంచిని వలతో లాక్కునే ఏర్పాటు 19వ శతాబ్దంలో మొదలై 1971 దాకా నడిచింది. ఇంత తెలివీ ఖర్చయింది రెండే ప్రశ్నల మీద: ఇది ఎక్కడికి పోవాలి, ఎంత తొందరగా పోవాలి. లోపల ఏముంది, అది పక్కనున్నవాళ్లని ఏం చేయగలదు అన్నది ఆ యంత్రాల లెక్కలో లేదు.

రెండు రంగాలూ తెలిసిన మనుషులు లేక ఇలా జరిగిందని అనలేం. 1910లో ఖార్కివ్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఇంజనీరు జేకబ్ రాబినో పేరు మీద సుమారు 230 అమెరికా పేటెంట్లున్నాయి. అక్కడి తపాలా శాఖ కోసం ఉత్తరాలను వేరుచేసే యంత్రం చేసింది ఆయనే. నూనెలో కలిపిన సన్నని ఇనుప పొడి కరెంటు ఇవ్వగానే గట్టిపడి రెండు పళ్లాలను కలిపి తిప్పే అయస్కాంత క్లచ్ కూడా ఆయనదే. ఆ తరహా క్లచ్‌లు తర్వాత కార్లలోకీ వెళ్లాయి. ఒకే బుర్ర ఈ రెండు పనులూ చేసింది. మన వ్యవస్థలో ఒక శాఖ ఫైలు ఇంకో శాఖ బల్ల మీదకి వెళ్లడమే గగనం.

మనుషులనీ మూటలనీ ఒకే బండిలో వేయడం కొత్తేమీ కాదు. 1784 ఆగస్టులో జాన్ పామర్ బ్రిస్టల్ నుంచి లండన్‌కు నడిపిన మెయిల్ కోచ్‌లో ప్రయాణికులూ ఉన్నారు, తపాలా సంచులూ ఉన్నాయి. సంచులకి కాపలాగా తుపాకీ పట్టుకున్న గార్డు కూడా ఉన్నాడు. అప్పటి భయం దొంగల గురించి. సరుకే మనిషికి ప్రమాదమయ్యే రోజు వస్తుందని వాళ్లెందుకు అనుకుంటారు!

ఇక్కడ పార్సిల్ ఎలా ఎక్కుతుందో ఒకసారి చూడండి. సాయంత్రం ఏడు దాటాక ఏ ట్రావెల్స్ కౌంటర్ దగ్గరైనా అట్టపెట్టెలు పేర్చి ఉంటాయి. కుర్రాడు నల్ల మార్కర్‌తో ఊరి పేరు, ఫోన్ నంబరు రాస్తాడు. "ఏముందన్నా ఇందులో?" అంటాడు. "బట్టలే" అంటాడు ఇచ్చినాయన. రసీదు చిరుగుతుంది, డబ్బులు చేతులు మారతాయి. బస్సు రాగానే క్లీనర్ డిక్కీ తలుపెత్తి, ముందు బరువైనవి, మీద తేలికవి తోస్తాడు. ఒక్కోసారి వాటి పక్కనే బైకు కూడా పడుకోబెడతారు. పైన మంచాల మీద పడుకున్నవాళ్లకీ ఈ పెట్టెలకీ మధ్య అడ్డం బస్సు ఫ్లోరింగే. "బట్టలే" అన్న మాట నిజమో కాదో తేల్చే పరికరం ఈ వరసలో ఎక్కడా లేదు. ఆ కుర్రాడిని తప్పుపట్టలేం. అతనికి పెట్టె తెరిచి చూసే అధికారమూ లేదు, తీరికా లేదు.

విమానాల వాళ్లు ఇదే పాఠం ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకున్నారు. 2010 సెప్టెంబర్ 3న దుబాయ్‌లో ఒక సరుకు విమానం లిథియం బ్యాటరీల లోడుకి నిప్పంటుకుని కూలిపోయింది, పైలట్లిద్దరూ చనిపోయారు. లిథియం బ్యాటరీతో వచ్చే చిక్కు అది కాలడం ఒక్కటే కాదు. బ్యాటరీలోని ఒక సెల్ వేడెక్కితే ఆ వేడి పక్క సెల్‌ని అంటిస్తుంది, అది ఆ పక్కదాన్ని. పైన పొడి చల్లితే మంట ఆరినట్టే ఉంటుంది, లోపలి వేడి దిగదు, కాసేపటికి మళ్లీ అంటుకుంటుంది. చల్లబరచాలంటే నీళ్లు బాగా కావాలి. 2016 ఏప్రిల్ 1 నుంచి విడి లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా వేయకూడదని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిషేధించింది. ఫోన్‌లోనే బిగించి ఉన్న బ్యాటరీలకి అంత కఠినం లేదు గానీ వాటికీ ప్యాకింగ్ నిబంధనలున్నాయి, పెట్టె మీద గుర్తుండాలి. ఆకాశంలో ఇంత పట్టింపు ఉన్న సరుకు నేల మీదికి దిగి కర్నూలు బస్సెక్కేసరికి "బట్టలు" అయిపోగలదు.

ఇక బండి సంగతి. వాహన భద్రతలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించే ఆలోచన జార్జ్ వెస్టింగ్‌హౌస్‌ది. 1869లో ఆయన రైలుకి ఎయిర్ బ్రేక్ పెట్టాడు. కొన్నేళ్లలోనే దాన్ని తిరగేశాడు: గాలి ఒత్తిడి ఉన్నంతసేపే బ్రేకులు వదిలి ఉంటాయి, గొట్టం తెగి గాలి పోతే వాటంతటవే పడతాయి. లోపం వస్తే బండి ఆగే వైపుకే రావాలన్నది దీని సూత్రం. ఇప్పటి లారీలు, బస్సుల్లోని స్ప్రింగ్ బ్రేకుదీ అదే దారి. అయినా కడప–రాయచోటి రోడ్డులో గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు లారీలు అదుపు తప్పుతూనే ఉన్నాయి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలే అలవాటు ఇంకా పోలేదు. న్యూట్రల్‌లో ఇంజన్ పట్టు ఉండదు, భారమంతా బ్రేకు డ్రమ్ముల మీద పడుతుంది, అవి కాలిపోయి పట్టు వదిలేస్తాయి. గాలి నిండుగానే ఉంటుంది కాబట్టి స్ప్రింగ్ బ్రేకుకి తనంతట తాను పడే అవసరమే రాదు. ఎంత మంచి పరికరమైనా మనిషి దాన్ని పక్కకి తోసేయగలిగితే సగం పరికరమే. బస్సుల్లో అద్దం పగలగొట్టే సుత్తి ఇంకా అన్యాయం. అర్ధరాత్రి, పొగలో, నిద్ర మత్తులో ఉన్న మనిషి దాన్ని వెతికి పట్టుకోవాలి. దాన్ని భద్రతా పరికరం అనడానికి నాకు నోరు రాదు.

పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ నుంచి కార్లు ఇదే 44వ నంబరు హైవే మీదికొస్తాయి. వాటిలో కొన్ని మోడళ్లకి రాడార్ ఉంది, ముందు అడ్డం వస్తే తమంతట తామే బ్రేకు వేసుకుంటాయి. రాత్రి బస్సులకీ ఇదే పెడితే సరిపోతుందని చాలామంది రాస్తున్నారు. పెట్టాల్సిందే, కాదనను. కానీ ఆ వ్యవస్థలు ముందు వెళ్లే బండినో, నడిచే మనిషినో గుర్తించేలా తయారయ్యాయి. చీకట్లో రోడ్డు మీద అడ్డంగా పడి ఉన్న బైకును అవి ప్రతిసారీ పసిగడతాయన్న భరోసా లేదు. పసిగట్టినా, స్పీడులో ఉన్న బరువైన బస్సు ఆగడానికి కావల్సిన దూరం తక్కువేమీ కాదు. గుద్దడం ఆపలేని సందర్భాలుంటాయి. 2013 అక్టోబర్ 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర ఇదే హైవే మీద వోల్వో బస్సు కల్వర్టును గుద్ది కాలిపోయినప్పుడు 45 మంది చనిపోయారు. గుద్దిన తర్వాత మంట ఎంతసేపటికి మనుషుల దగ్గరికి వస్తుంది, తలుపు తెరుచుకుంటుందా అన్నవే అక్కడ చావు బతుకులని తేల్చాయి.

అలాగని బస్సుల్లో పార్సిళ్లు నిషేధించాలని నేను అనను. ఆదోని, ప్రొద్దుటూరు చిన్న వ్యాపారుల సరుకు రాత్రికి రాత్రి చేరాలంటే బస్సే దిక్కు, టికెట్ ధర ఈ మాత్రం ఉండటానికి పార్సిల్ ఆదాయమూ ఒక కారణం. నిషేధిస్తే "బట్టలే" అనేవాళ్లు ఇంకా పెరుగుతారు, అంతే. చేయాల్సింది డిక్కీలోనే. బుకింగ్ బార్‌కోడ్‌లో బరువు, ఊరితో పాటు బ్యాటరీ ఉందా, మండేదా అన్న గడి తప్పనిసరి చేయొచ్చు. అబద్ధం చెప్పి బుక్ చేసినవాడి దగ్గరికే నష్టం బాధ్యత వెళ్లేలా రసీదు రాయొచ్చు. అలాంటి పెట్టెల కోసం ఇంధన ట్యాంకుకి దూరంగా, మంచాల కింద కాకుండా, ఉక్కు రేకుతో వేరు గది కట్టొచ్చు. బస్సు ఇంజన్ గదిలో మంటను పసిగట్టే ఏర్పాటుకి ఏఐఎస్-135 అనే వాహన భద్రతా ప్రమాణం ఉంది, తర్వాత దాన్ని ప్రయాణికులు కూర్చునే భాగానికీ విస్తరించారు. పొగని, వేడిని గుర్తించే అదే సెన్సార్ డిక్కీలో పెట్టి డ్రైవర్ ముందు బజర్ మోగించడానికి కొత్తగా పరిశోధన చేయాల్సిన పనేమీ లేదు. అనంతపురం జేఎన్‌టీయూలోనో, కర్నూలు ట్రిపుల్ ఐటీడీఎంలోనో చివరి ఏడాది ప్రాజెక్టుగా ఇస్తే పిల్లలు చేసి చూపిస్తారు. దాన్ని బస్సు బాడీ కట్టే షెడ్డు దాకా తీసుకెళ్లే నాథుడే కావాలి.

తలుపు విషయంలో వెస్టింగ్‌హౌస్ సూత్రమే చాలు: కరెంటు పోయినా, గాలి పోయినా తలుపు తెరుచుకునే వైపుకే రావాలి. ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి) వచ్చిన ప్రతి స్లీపర్ బస్సునీ బ్యాటరీ తీగ పీకేసి, లోపల ఒక మనిషిని నిలబెట్టి, తలుపు తెరవమనాలి. దానికి ఎంవీఐకి, అంటే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌కి, ఐదు నిమిషాలు పడుతుంది.