పాత జనాభా లెక్కలు రేపటి ట్రాఫిక్‌ను చెప్పగలవా?

(చర్చాంశం: ఒక ప్రాంతంలో ఇరవై ఏళ్ల తర్వాత ఎంత ట్రాఫిక్ ఉంటుందో అంచనా వేయడానికి గత జనాభా లెక్కలు చాలు. వాది జనాభా గణాంకాల నిపుణురాలు, ప్రతివాది ట్రాఫిక్ ఇంజనీరు.)

వాది: రోడ్డు గానీ రైలు మార్గం గానీ ఒకసారి వేస్తే తరాలపాటు ఉంటుంది. ఎక్కడ వేయాలో ఇవాళే తేల్చాలి. అందుకు ఇంటింటికీ తిరిగి రాసిన లెక్క కన్నా గట్టి ఆధారం ఏముంది? నాలుగైదు దఫాల లెక్కలు వరసగా పెట్టి చూస్తే ఏ ప్రాంతం పెరుగుతోందో, ఏది ఆగిపోయిందో తెలిసిపోతుంది.

ప్రతివాది: తెలిసేది గతం, మేడమ్. అమెరికాలోని డెట్రాయిట్ నగరం సంగతి చూడండి. 1920లో 9,93,678 మంది, 1930లో 15,68,662. పదేళ్లలో 58 శాతం! అదే వేగం అనుకుంటే 1940కి దాదాపు 25 లక్షలు కావాలి. తీరా లెక్కపెడితే 16,23,452. 1950లో పద్దెనిమిదిన్నర లక్షలకు చేరుకుని, అక్కణ్ణించి తగ్గుతూ 2020కి 6,39,111 అయింది. 1930లో కూర్చుని వంతెన కొలతలు తేల్చాల్సిన ఇంజనీరు గతేం కావాలి?

వాది: రెండు లెక్కల మధ్య గీత గీసి అదే అంచనా అనం కదండీ. వయసుల వారీగా విడదీస్తాం. ఇరవై ఏళ్ల తర్వాత ఉద్యోగాలకు వెళ్లేవాళ్లలో చాలామంది ఇప్పటికే పుట్టేశారు, అది ఊహ కాదు. జననాలు, మరణాలు, వలసలు దేనికది లెక్కగడతాం.

ప్రతివాది: జననమరణాలు సరే, వలస మాటేమిటి? పెద్ద ప్రాంతానికైతే ఒకచోటి హెచ్చు ఇంకోచోటి తగ్గుతో సర్దుకుంటుంది. పది వీధులకు వచ్చేసరికి ఒక్క ఫ్యాక్టరీ మూతపడితే చాలు, అంచనా తలకిందులు. మాకు కావాల్సింది ఆ పది వీధులే. పైగా లెక్కకీ లెక్కకీ మధ్య హద్దులు మారిపోతాయి.

వాది: పాత హద్దుల లెక్కను కొత్త హద్దులకు సర్దే పద్ధతులున్నాయి.

ప్రతివాది: ఉన్నాయి. విస్తీర్ణాన్ని బట్టి పంచేస్తే చెరువులో కూడా జనం కాపురముంటారు!

వాది: (నవ్వి) అందుకే ఇళ్లున్న చోటు చూసి పంచమంటాం.

ప్రతివాది: గతానికి సరిపోయినంత మాత్రాన సూత్రం నిజమైపోదు. 1920లో రేమండ్ పెర్ల్, లోవెల్ రీడ్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు 1790 నుంచి 1910 దాకా అమెరికా లెక్కలన్నిటికీ ఒక వంపు గీత అమర్చారు. చక్కగా కుదిరింది. దాని ప్రకారం ఆ దేశ జనాభా 19.7 కోట్లు దాటకూడదు. 1970కే 20.3 కోట్లయింది, 2020కి 33 కోట్లు.

వాది: ఆ గీత తప్పని తేల్చింది ఏమిటి? తర్వాతి జనాభా లెక్కలే! మీరూ అలాగే చేయండి. ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లి, అప్పటి లెక్కలతోనే ఇవాళ్టి జనాభాను అంచనా వేయండి. ఎంత తప్పితే అంత జాగ్రత్త పడాలి.

ప్రతివాది: అది ఒప్పుకుంటాను, మాలో చాలామంది చేయని పని. కానీ రోడ్డెక్కేది జనాభా కాదు, ప్రయాణాలు. నాలుగు లక్షల మంది ఇంటికి అయిదుగురు చొప్పున ఉంటే ఎనభై వేల ఇళ్లు, నలుగురు చొప్పునైతే లక్ష. ఒక్క మనిషి పెరగకుండానే ఇళ్లు పావు వంతు పెరిగాయి, వాటితో బళ్లూ పెరుగుతాయి.

వాది: ఇళ్ల లెక్క కూడా సెన్సస్‌లోనే ఉంటుందండీ. తలలు మాత్రమే చూసుకుని వెళ్లిపోతే తప్పు మాదా?

ప్రతివాది: సరే, ఇంకోటి చెప్పండి. మీ అంచనా చూసి రోడ్డు వేస్తాం. రోడ్డు పడిందని ఇళ్లు లేస్తాయి. పదేళ్లకు అంచనా నిజమైందని మీరంటారు. రోడ్డు వేయకపోతే ఏమయ్యేదో ఏ లెక్కలో ఉంది?

వాది: ఏ లెక్కలోనూ ఉండదు. అందుకే కనిష్ఠం, గరిష్ఠం అని రెండు అంకెలిస్తాం. మధ్యలో ఒక్కటి పట్టుకుని ఫైలు నడిపేది మీరు.

ప్రతివాది: వంతెన ఒక్కటే కడతాం కదా మేడమ్, రెండు వెడల్పులతో కట్టలేం.

వాది: స్థలం గరిష్ఠానికి తగ్గట్టు తీసి ఉంచండి, లేన్లు కనిష్ఠానికి వేయండి. తర్వాతి లెక్కలు వచ్చాక మిగతావి ఆలోచించవచ్చు.

ప్రతివాది: భారత్‌లో 2021లో జరగాల్సిన లెక్కలు వాయిదా పడ్డాయి. అప్పటిదాకా ట్రాఫిక్‌ను ఆగమని చెప్పేదెవరు?