ఇంకే దేశానికి ఆడాలండీ?
ఐర్లాండ్ మహిళల రగ్బీ జట్టులో ఆడే లిండా జుగాంగ్ మీద వచ్చిన ఈ వ్యాసం కింద, పుట్టిన దేశం వదిలేసి వేరే దేశం జెర్సీ వేసుకోవడమేంటని ఒకరు రాశారు. లిండా కామెరూన్‌లో పుట్టింది నిజమే, కానీ తొమ్మిదేళ్లకే ఐర్లాండ్ వచ్చేసింది, నర్సింగ్ చదివిందీ రగ్బీ మొదలుపెట్టిందీ అక్కడే, కోవిడ్ టైములో ఆసుపత్రి డ్యూటీ చేసిందీ అక్కడే, మరి ఇంకే దేశానికి ఆడాలి? ఆమెది ప్రాప్ పొజిషన్. స్క్రమ్‌లో, అంటే రెండు జట్ల వాళ్లూ వంగి భుజాలు ఆనించి బంతి కోసం తోసుకునేటప్పుడు, ముందు వరసలో ఉండి అవతలి వాళ్ల బరువంతా మెడా భుజాల మీద కాయాలి, ఫొటోలేమో ట్రై కొట్టిన (అవతలి వాళ్ల గీత దాటి బంతిని నేలకు ఆనించి పాయింట్లు తెచ్చిన) వాళ్లవే వస్తాయి (ఈ వ్యాసంలోనూ అంతే!). 2021లో ఇటలీలోని పార్మాలో స్కాట్లాండ్ చేతిలో ఓడి ప్రపంచకప్‌కే వెళ్లలేకపోయిన ఐర్లాండ్, 2024లో వాంకూవర్‌లో న్యూజిలాండ్‌నే 29-27తో ఓడించింది. దాని గురించి ఇంకో పేరా రాసుంటే బాగుండేది.