పద్నాలుగు రూపాయల పద్నాలుగో నంబరు

విజయవాడ ఆటోనగర్‌లో మా బావగారికి కార్ల మరమ్మతు షెడ్డు ఉంది. ఆ షెడ్డు లెక్కలు రాసే బాధ్యత నాది. పానా పట్టుకోవడం రాకపోయినా, పానాల ఖర్చు మీద అభిప్రాయాలు చెప్పే హక్కు ఖాతా పుస్తకంతో పాటే నాకు సంక్రమించింది. నట్టు మీద టోపీలా తొడిగి తిప్పే ఒక్క సాకెట్టుకు నూటపాతిక రూపాయలు పోసి, దానిని పసిబిడ్డలా తువ్వాలులో చుట్టి తెచ్చే మేస్త్రీని చూస్తే ఏ గుమాస్తా ప్రాణమైనా విలవిలలాడుతుంది. అందువల్ల కిందటి నెలలో సామాను కొనే పని పట్టుబట్టి నేనే తీసుకున్నాను.

దుకాణదారుడు నా ముందు ఒక ఎర్రటి ప్లాస్టిక్ పెట్టె తెరిచాడు. అందులో 46 ముక్కలు, వెల 650 రూపాయలు. అక్కడికక్కడే భాగహారం చేస్తే ముక్క ఒక్కింటికి పద్నాలుగు రూపాయల చిల్లర తేలింది. ప్రతి సాకెట్టు మీదా 'క్రోమ్ వెనేడియం' అని, అంటే గట్టి ఉక్కు అని, అక్షరాలు కొట్టి ఉన్నాయి. (ఆ పెట్టె మొత్తంలో గట్టిగా దిగబడినవి ఆ అక్షరాలు మాత్రమేనని తరువాత తెలిసింది.) సాకెట్టు తగిలించి తిప్పే రాచెట్టుకు (ఒకవైపే పట్టే పళ్ళచక్రమున్న హ్యాండిలుకు) 72 పళ్ళు ఉన్నాయనీ, 24 పళ్ళ రాచెట్టు ఒక్క పన్ను దాటాలంటే హ్యాండిలు పదిహేను డిగ్రీలు జరగాలి కానీ దీనికి ఐదు డిగ్రీల చోటు చాలుననీ అతడు వివరించాడు. నేను 360ని 72తో భాగించి చూసుకున్నాను, సరిగ్గా సరిపోయింది. లెక్క సరిపోయిన వస్తువు చెడ్డదెలా అవుతుంది?

బావగారు పెట్టె తెరిచి, "ఇందులో సగం స్క్రూడ్రైవరు బిట్లే కదయ్యా," అన్నారు. ఆ తరువాత రాచెట్టు కొస చూసి, "పావు ఇంచి డ్రైవు, సాకెట్టు తగిలే కొస ఇంతే సన్నం. డాష్‌బోర్డు స్క్రూలకు పనికొస్తుంది. సైలెన్సరు జోలికి మాత్రం పోనివ్వకు," అని పక్కన పెట్టారు. రోజూ వాడే పన్నెండు-పదమూడు పానాను ఆయన ఇరవై ఏళ్ళ కిందట కొన్నారు, దాని నోరు ఇప్పటికీ విచ్చుకోలేదు. ఏడాదికొకసారి కూడా బయటికి తీయని సైజులను మాత్రం ఆయనా చవకగానే కొంటారు. ఈ పద్ధతిలోని పొదుపు ఆనాడు నాకు కనిపించలేదు.

మరునాడు బావగారు భోజనానికి వెళ్ళిన సమయంలో, ఒక పాత డీజిలు కారు సైలెన్సరు నట్లు కిరసనాయిలులో నాని సిద్ధంగా ఉన్నాయి. నట్టు పద్నాలుగో నంబరు, నా సాకెట్టు ఖరీదు పద్నాలుగు రూపాయలు; ఇంతకంటే మంచి శకునం ఉండదనుకొని కారు కింద ఉన్న గోతిలోకి దిగాను. నట్టు కదలలేదు. మొండి నట్లకు మేస్త్రీలు రాడ్డుకు పైపు తొడిగి తిప్పడం చూశాను కనుక, నేనూ ఒక పైపు తెచ్చి రాచెట్టు హ్యాండిలుకే తొడిగి వేలాడాను. టక్కుమంది.

"కదిలింది!" అని అరిచి, తిప్పడం మొదలుపెట్టాను. అంత నునుపుగా తిరిగే నట్టును నేనెన్నడూ చూడలేదు. నా చేతికి వచ్చిన మొదటి నట్టు అదేననుకోండి. పనికుర్రాడు వంగి టార్చి వేసి, "సారూ, నట్టు అట్టాగే ఉంది, తిరుగుతోంది మీ చెయ్యే," అన్నాడు. పళ్ళచక్రాన్ని ఒకవైపు ఆపవలసిన లోపలి నాలుక విరిగిపోయి, రాచెట్టు రెండు వైపులా సమదృష్టితో తిరుగుతోంది.

పరువు కోసం పెట్టెలోని టీ హ్యాండిలు తీశాను. లోపల పన్నెండు మూలలున్న సాకెట్టు నట్టు మూలల దగ్గరే పట్టు దొరకబుచ్చుకుంటుందనీ, ఆరు మూలలదైతే పక్కలను పట్టుకుంటుందనీ, తుప్పు నట్టుకు ఆ తేడా చాలా ముఖ్యమనీ బావగారు తరువాత బోధించారు. ఆ క్షణంలో నాకు తెలిసిందల్లా సాకెట్టు జారడం, నా పిడికిలి వెళ్ళి ఛాసిస్‌కు తగలడం, పైనుంచి కిరసనాయిలు కలిసిన తుప్పు నా ముఖాన రాలడం. నట్టు మాత్రం శనగగింజలా గుండ్రమై మెరుస్తోంది.

తిరిగి వచ్చిన బావగారు ఒక్క మాట కూడా అనలేదు. పక్క షెడ్డు వెల్డరును పిలిపించి, అరిగిన నట్టు మీద పెద్ద నట్టు ఒకటి అతికించి, ఆ వేడికి తుప్పు వదలగానే తన పదిహేడో నంబరు పానాతో స్టడ్డుతో (ఆ నట్టు ఎక్కిన మరమేకుతో) సహా బయటికి లాగారు. సాయంత్రం ఖాతా పుస్తకం అడిగి తీసుకొని, స్వహస్తాలతో రాశారు: సాకెట్ల పెట్టె 650, వెల్డింగు 200, స్టడ్డు, నట్టు 60, బావమరిది వేళ్ళకు ప్లాస్టరు 20, వెరసి 930. దాని కింద గీత గీసి, 46తో భాగించి, ముక్క ఒక్కింటికి 20 రూపాయల 22 పైసలు అని వేశారు.

కట్టు కట్టిన వేళ్ళతోనే ఆ భాగహారం సరిచూశాను. ఒక్క పైసా తేడా లేదు.