బీరువాలో అనలైజర్, చేతిలో టైనీఎస్‌ఏ

మా ఇంజినీరింగ్ కాలేజీలో స్పెక్ట్రమ్ అనలైజర్, అంటే ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత సిగ్నల్ ఉందో తెర మీద గీతలుగా చూపే పరికరం, అద్దాల బీరువాలో ఉండేది. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా దాని మీద చెయ్యి వేయనివ్వలేదు. ఇప్పుడు తిరుపతిలో మా ఇంట్లో టేబుల్ మీద అరచేతిలో ఇమిడే చిన్న అనలైజర్, టైనీఎస్‌ఏ ఉంది. లక్షలు పోసి కొనే పరికరం చేసే పనులన్నీ ఇది చేయలేదు. హార్మోనిక్స్, అంటే అసలు ఫ్రీక్వెన్సీకి రెట్టింపు, మూడింతల దగ్గర పుట్టే అనవసర సిగ్నళ్లు, కొలవడానికి మాత్రం చాలు. ఈసీఈ పిల్లలందరి చేతికీ ఇలాంటిది రావాలన్నదే నా వాదన.

7.1 మెగాహెర్ట్జ్ హామ్ రేడియో ట్రాన్స్‌మిటర్‌కు వాటిని ఆపే ఫిల్టర్ సరిగా లేకపోతే 14.2 దగ్గర, 21.3 దగ్గర కూడా వినిపిస్తుంది. అక్కడ మాట్లాడుకునేవాళ్లకు అది అడ్డం. పైగా మా తిరుపతి ఉన్నది గాదంకి పక్కన. అక్కడి ఎంఎస్‌టీ అనే వాతావరణ పరిశోధన రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద, 1024 యాంటెన్నాలతో, ఆకాశం నుంచి తిరిగొచ్చే అతి సన్నని ప్రతిధ్వనులను పట్టుకుంటుంది. ఇలాంటి చోట ఎవరి సిగ్నల్‌ను వాళ్లు శుభ్రంగా ఉంచుకోవాలి.

నేను సొంతంగా చేసుకున్న 5 వాట్ల ట్రాన్స్‌మిటర్ సెట్‌ను, సిగ్నల్‌ను పదివేలో వంతుకు తగ్గించే 40 డీబీ (డెసిబెల్) అటెన్యుయేటర్ గుండా టైనీఎస్‌ఏకు కలిపాను. నేరుగా కలిపితే మీటర్ కాలిపోతుంది. 14.2 గీత అసలు సిగ్నల్ కంటే 38 డీబీ మాత్రమే కింద ఉంది. అమెరికా నిబంధన ప్రకారం 30 మెగాహెర్ట్జ్ లోపు ఆ తేడా కనీసం 43 ఉండాలి, అంటే అసలు సిగ్నల్ శక్తిలో ఇరవై వేలో వంతుకు మించకూడదు. టెన్షన్ పడి ఫిల్టర్ కాయిల్స్ అన్నీ మళ్లీ చుట్టాను. అయినా అదే 38.

చివరికి మరో 10 డీబీ అటెన్యుయేటర్ పెట్టి చూశాను. అసలు గీత 10 దిగింది, 14.2 గీత ఏకంగా 20 దిగింది. అది నా సెట్ నుంచి వచ్చేదే అయితే అదీ 10 మాత్రమే దిగాలి. అంటే దాన్ని పుట్టిస్తున్నది టైనీఎస్‌ఏ లోపల సిగ్నల్ ఫ్రీక్వెన్సీని మార్చే భాగం, మిక్సరే. ఇప్పుడు తేడా 48. రెండు రోజులు అనుమానించిన సెట్‌లో ఏ తప్పూ లేదు.



హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ రూపొందించిన మైక్రోబిట్‌ఎక్స్ అనే హామ్ రేడియో సెట్ తొలి బోర్డుల్లో ఫిల్టర్ రిలేలను (స్విచ్‌లను) దాటుకుని హార్మోనిక్స్ బయటికి వస్తున్నాయని కొన్నవాళ్లే కొలిచి చెప్పారు. తర్వాతి వెర్షన్‌లో ఆ భాగాన్ని మార్చారు. కొలిచే సాధనం పదిమంది చేతుల్లో ఉండబట్టే అది జరిగింది.

బీరువాలోని ఒక్క అనలైజర్ ఖరీదుతో బ్యాచ్ మొత్తానికి ఇవి కొనొచ్చు. తిరుపతి, చిత్తూరు కాలేజీలు ల్యాబ్ పరీక్షలో ఒక్క ప్రశ్న పెట్టాలి: 10 డీబీ పెడితే ఈ గీత 20 ఎందుకు దిగింది?